ఫియట్ 1100: బోరు పెంచాలా, కార్బురేటర్ మార్చాలా?

డిలైట్69 (హైదరాబాద్)
అందరికీ నమస్కారం. మా నాన్నగారి 1969 ఫియట్ 1100 మళ్లీ రోడ్డెక్కింది. ఊళ్లో బాగానే తిరుగుతోంది. శ్రీశైలం వెళ్లినప్పుడు మాత్రం డ్యామ్ దాటి సున్నిపెంట ఎక్కుతుంటే రెండో గేరులో కూడా ముక్కింది. కంప్రెషన్ తగ్గింది, ఇంజిన్ దించాలంటున్నాడు మెకానిక్. ఎలాగూ దించుతున్నాం కదా, బోరు (సిలిండరు లోపలి వ్యాసం) 72 మిల్లీమీటర్లకి తీయించి 1221 సీసీ చేసేసి, సోలెక్స్ కార్బురేటర్ పీకి రెండు బ్యారెళ్ల (గాలి గొట్టాల) వెబర్ 32/36 పెట్టిద్దామా?

ఆటోనగర్_బాబాయ్ (విజయవాడ)
1221 అంకె గాల్లోంచి రాలేదులే నాయనా. ఇటలీలో 1100డీకి ఫియట్ వాళ్లే 72 బోరు ఇచ్చారు. మన దేశంలో కుర్లా ఫ్యాక్టరీలో తయారైన బండ్లు మాత్రం 68 బోరు, 75 స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం), అంటే 1089 సీసీ దగ్గరే ఆగిపోయాయి. అయితే ఫ్యాక్టరీలో 72కి పోత పోసిన బ్లాకు వేరు, 68 బ్లాకును లేత్ మీద 72కి తీయడం వేరు. ఒక్కో వైపు 2 మిల్లీమీటర్ల గోడ పోతుంది. యాభై ఏళ్లు బోరుబావి నీళ్లు తాగిన బ్లాకు లోపల తుప్పు ఎంత తిన్నదో పైకి కనపడదు. అల్ట్రాసోనిక్ మీటరుతో ప్రతి సిలిండరు నాలుగు వైపులా మందం చూడకుండా బోరింగ్ బార్ దింపనివ్వకు.

ఇంకోటి. కంప్రెషన్ రేషియో 8 అనుకుందాం. హెడ్డు ముట్టుకోకుండా 72 చేస్తే అది 8.85 దాకా పోతుంది. హెడ్ గ్యాస్కెట్ కన్నం కూడా 72కి సరిపోయేది కావాలి, లేకపోతే అంచు లోపలికి పొడుచుకొచ్చి కాలుతుంది. ఆ అదనపు భారం మోయాల్సిన క్రాంక్ చూస్తే మూడు మెయిన్ బేరింగులే.

అరిగిన మేరకే తీయించు. అర మిల్లీమీటరు ఓవర్‌సైజుకి 1106 సీసీ, ఒక మిల్లీమీటరుకి 1122. అంటే మూడు శాతం. ఆ తేడా ఘాట్ మీద నీకు తెలియను కూడా తెలియదు. నీకు తెలిసేది కొత్త రింగులతో తిరిగొచ్చిన కంప్రెషన్.

పద్మిని_ప్రేమికుడు
బాబాయ్ గారూ, కార్బురేటర్ దగ్గర మాత్రం నాది వేరే అనుభవం. నా ప్రీమియర్ పద్మినికి అడాప్టర్ ప్లేటు చేయించి 32/36 వేశాను. మూడో గేరులో ఓవర్‌టేక్ చేసేటప్పుడు తేడా బాగా తెలుస్తుంది. మైలేజీ సంగతి అడక్కండి, రెండో బ్యారెల్ తెరుచుకుందంటే పెట్రోలు ముల్లు నా కళ్ల ముందే దిగుతుంది.

ఆటోనగర్_బాబాయ్ (విజయవాడ)
పైన ఆర్‌పీఎంలో లాగుతుంది, కాదనను. కానీ ఈ అబ్బాయి అడిగింది ఘాట్ గురించి. ఎక్కేటప్పుడు ఆర్‌పీఎం తక్కువ, పీల్చే గాలీ తక్కువే. వెంచురీ (కార్బురేటర్‌లో గాలి దూరే ఇరుకు మెడ) పెద్దదైతే గాలి వేగం పడిపోయి జెట్ (పెట్రోలు వచ్చే సన్న కన్నం) నుంచి పెట్రోలు సరిగా లేవదు. యాక్సిలరేటర్ తొక్కగానే ఒక క్షణం బండి చచ్చినట్టు ఉంటుందే, అది అదే.

మినీ_మావయ్య (బర్మింగ్‌హామ్)
ఇక్కడ పాత మినీలతో ఆడుకునేవాళ్లం ఎస్‌యూ కార్బురేటర్లకు అలవాటుపడ్డాం. అందులో గాలి ఎంత కావాలో దాన్నిబట్టి లోపలి పిస్టనే పైకి లేస్తుంది కాబట్టి బాబాయ్ చెప్పిన ఇబ్బంది చాలావరకు ఉండదు. పెట్రోలును కొలిచే సూది మారుస్తూ ట్యూన్ చేసుకోవడమే. సీసీ పెంచడమూ ఇక్కడ మామూలే. మినీ 1275 సీసీ ఇంజిన్‌కి 70.6 బోరును 73.5 చేస్తే 1380 సీసీ. కానీ దానికి తగ్గ పిస్టన్లు, గ్యాస్కెట్లు కొట్లో రెడీగా దొరుకుతాయి. అన్నట్టు, బోరు పెంచకుండానే బలం పెంచొచ్చు: 1953లో వచ్చిన ఫియట్ 1100 టీవీ అనే వేగం మోడల్ అదే 1089 సీసీలో 50 గుర్రాల శక్తి ఇచ్చింది. మామూలు 1100కి 36.

సెక్షన్52
ఆర్సీలో సీసీ రాసి ఉంటుందని మరవకండి. ఆర్సీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు. 1969 బండి, యాభై ఏళ్లు దాటింది కాబట్టి 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి కూడా వస్తుంది. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేస్తే అదీ పోతుంది. అయితే వింటేజ్ తీసుకుంటే మామూలుగా తిరగడానికి వీల్లేదు, ప్రదర్శనలు, ర్యాలీల లాంటి వాటికే. శ్రీశైలం మల్లన్న దర్శనం ర్యాలీ కిందకి రాదేమో మరి 😀

జెట్_సుబ్బడు (గుంటూరు)
అసలు స్పార్క్ ప్లగ్గులు విప్పి చూశారా ఎవరైనా? ఇప్పుడు పంపుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. బరువు లెక్కన ఒక వంతు మామూలు పెట్రోలుకి గాలి 14.7 వంతులైతే దీనికి 13.5 చాలు. పాత జెట్‌తోనే నడిపితే మిక్స్చర్ (గాలి, పెట్రోలు మిశ్రమం) పలచబడుతుంది, లోడు మీద బండి ముక్కుతుంది, వేడెక్కుతుంది. జెట్ నంబరు అంటే కన్నం మిల్లీమీటరులో నూరో వంతుల లెక్క. 120 తీసి 125 వేస్తే కన్నం వైశాల్యం 8 శాతం పైచిలుకు పెరుగుతుంది. మెయిన్ జెట్ అక్కడి నుంచి మొదలుపెట్టండి. బండిలోని పెట్రోలు పంపు డయాఫ్రమ్, రబ్బరు పైపులు ఇథనాల్‌కి ఆగే రకం వేయించండి.

డిలైట్69 (హైదరాబాద్)
ఇప్పుడే విప్పాను. నాలుగు ప్లగ్గులూ సున్నం వేసినట్టు తెల్లగా ఉన్నాయి. మెయిన్ జెట్ మీద 120 అనే ఉంది. 125 తెప్పించనా?

జెట్_సుబ్బడు (గుంటూరు)
ఆగండి. ముందు దాన్ని వెలుతురుకి పెట్టి భూతద్దంతో చూడండి. కన్నం గుండ్రంగా లేకపోయినా, అంచున గీతలున్నా ఎవరో పాత మెకానిక్ సూదితో కెలికి ఉంటాడు, ఇక నంబరుకి అర్థం లేదు. కొత్త 120 ఒకటి, 125 ఒకటి తెప్పించి పక్కపక్కన పెట్టి చూడండి. ప్లగ్గుల తెల్లదనం పలచ మిక్స్చర్ గుర్తే, కానీ దానికి మానిఫోల్డ్ (కార్బురేటర్ నుంచి ఇంజిన్‌కి వెళ్లే గొట్టం) గ్యాస్కెట్ దగ్గర గాలి పీల్చడం కూడా కారణం కావచ్చు. ఇంజిన్ నడుస్తుండగా చౌక్ (గాలి తగ్గించే మీట) కొంచెం లాగండి. ఐడిలింగ్ నునుపైతే మిక్స్చర్ పలచనే.

ఆటోనగర్_బాబాయ్ (విజయవాడ)
ఇంజిన్ దించే ముందు ఇంకో పని. నాలుగు సిలిండర్లకీ గేజ్ పెట్టి కంప్రెషన్ చూడు. తక్కువున్న దాంట్లో రెండు చెంచాల ఆయిల్ పోసి మళ్లీ చూడు. పెరిగితే తప్పు పిస్టన్ రింగులది, పెరక్కపోతే వాల్వులది. వాల్వులే అయితే హెడ్డు ఒక్కటీ విప్పితే చాలు, బోరు జోలికి పోనక్కర్లేదు. అంకెలు వచ్చాక ఇక్కడే పెట్టు.