స్ట్రిప్ మాల్ కింద పెర్క్ (డ్రై క్లీనింగ్ కెమికల్) బయటపడింది, 70ల నాటి ఇన్సూరెన్స్ పాలసీలు ఇప్పుడు పనికొస్తాయా?

ఇండీ_శీను
అందరికీ నమస్తే. మా బావగారు 2013లో ఇండియానాపోలిస్ దగ్గర ఒక చిన్న స్ట్రిప్ మాల్ కొన్నారు, ఆరు షాపులు. ఇప్పుడు అమ్ముదామంటే కొనేవాళ్ళ బ్యాంకు ఫేజ్ 1 (స్థలంలో కాలుష్యం ఉండే అవకాశం ఉందా అని పాత రికార్డులు చూసే రిపోర్టు) అడిగింది, అందులో చివరి షాపులో 1968 నుంచి 1983 దాకా డ్రై క్లీనర్ నడిచిందని తేలింది, ఆ తర్వాత ఫేజ్ 2లో మట్టి తీసి చూస్తే పెర్క్, కింద నీళ్ళలో కూడా పెర్క్. కొనేవాళ్ళు మెల్లగా జారుకున్నారు. కొన్నప్పుడు ఫేజ్ 1 చేయించలేదా అని అడగొద్దు, ఆ మాట ఎత్తితే మా అక్క ఆ పూట అన్నం పెట్టట్లేదు. క్లీనప్‌కి కన్సల్టెంట్ చెప్పిన అంకె బిల్డింగ్ రేటులో సగం ఉంది. ఇప్పటి ఇన్సూరెన్స్ వాళ్ళేమో పొల్యూషన్‌కి ఇవ్వం అని ఒక్క లెటర్‌తో తేల్చేశారు. ఎవరో ఆ డ్రై క్లీనర్ పాత పాలసీలు దొరికితే వాటితో కట్టించొచ్చు అన్నారట. నలభై ఏళ్ళ క్రితం మూసేసిన షాపు పాలసీ ఇప్పుడెలా పనిచేస్తుంది, ఇదేమన్నా జోకా?

పాతకాగితాలు
జోక్ కాదు శీను గారూ, నేను చాలా ఏళ్ళు క్లెయిమ్స్‌లోనే చేశా. 1986కి ముందు ఇక్కడ వ్యాపారాలకి అమ్మిన జనరల్ లయబిలిటీ (మన వల్ల ఇతరులకి నష్టం జరిగితే కట్టే) పాలసీలు ఎక్కువగా 'అకరెన్స్' రకం. డ్యామేజీ ఆ పాలసీ నడిచిన ఏడాదిలో జరిగుంటే చాలు, విషయం ఎప్పుడు బయటపడినా ఆ పాలసీయే జవాబు చెప్పాలి. పెర్క్ నీళ్ళకన్నా బరువు, కాంక్రీట్ ఫ్లోర్‌లోంచి కూడా దిగిపోతుంది, అంటే 70ల్లో కారింది అప్పుడే భూమిలోకి వెళ్ళిపోయిందని చూపించడం మరీ కష్టం కాదు. కంపెనీలు 70ల మొదట్లో 'హఠాత్తుగా, అనుకోకుండా' జరిగితేనే పొల్యూషన్‌కి ఇస్తాం అని ఒక క్లాజ్ పెట్టాయి, దాని అర్థం మీద కోర్టుల్లో దశాబ్దాలు కొట్టుకున్నారు. మధ్యలో 1980లో సూపర్‌ఫండ్ చట్టం వచ్చి ఎప్పటివో తప్పులకి కూడా ఇప్పుడు కట్టండి అనేసరికి వీళ్ళకి చెమటలు పట్టి, 1986 దగ్గర్నుంచి పొల్యూషన్‌కి అసలు ఇవ్వం అనే ఎక్స్‌క్లూజన్ (మినహాయింపు) పెట్టి తలుపు మూసేశారు.

మీ బావగారి అదృష్టం ఏంటంటే ఊరు ఇండియానాలో ఉండటం. ఒక గ్యాస్ స్టేషన్ లీకు కేసులో, కైగర్ కేసు అంటారు, 1996లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 'పొల్యూటెంట్' అని మీరు రాసిన మాట ఏది వస్తుందో ఏది రాదో తెలీనంత గోలగా ఉంది కాబట్టి ఆ ఎక్స్‌క్లూజన్ చెల్లదు పొమ్మంది. 2012లో ఫ్లెక్స్‌డార్ కేసులో టీసీఈ అనే కెమికల్‌కి కూడా అదే చెప్పింది, అది పెర్క్‌కి దగ్గర చుట్టమే. అందుకని ఇప్పటి కంపెనీ ఇచ్చిన ఆ లెటర్ కూడా చింపకండి, లాయర్‌కి చూపించండి. ఈ మధ్య పాలసీల్లో కెమికల్ పేర్లు విడిగా రాసేస్తున్నారు, అది ఉందో లేదో చూడాలి.

ఇక అందరూ పప్పులో కాలేసేది ఇక్కడే: పాలసీ భూమితో పాటు చేతులు మారదు. అది అప్పుడు షాపు నడిపినాయనది, అప్పటి ఓనర్‌ది. బావగారు డైరెక్టుగా ఆ కంపెనీకి ఉత్తరం రాస్తే మీరెవరు అంటారు. ఇండియానాలో ఎన్విరాన్‌మెంటల్ లీగల్ యాక్షన్ అని చట్టం ఉంది, కాలుష్యం చేసినవాళ్ళ మీద క్లీనప్ ఖర్చుకి కేసు వేయొచ్చు, అప్పుడు వాళ్ళు తమ పాత ఇన్సూరెన్స్‌ని పిలుస్తారు, వాళ్ళ లాయర్ ఖర్చూ ఆ ఇన్సూరెన్సే పెట్టుకోవాలి. అప్పట్లో షాపు నడిపిన ముసలాయన ఇల్లు గుంజుకుంటున్నామని బాధపడొద్దు, కావాల్సింది ఆయన ఇల్లు కాదు, ఆయన 1975లో కట్టిన ప్రీమియం.

ఫిషర్స్_గ్యాస్‌బంక్
పైన చెప్పింది కరెక్ట్ కానీ అసలు నరకం కాగితం దొరకడంలో ఉంది. మా బంకుకి ఇలాగే అయింది. ఈ వెతికే పనికి ఇన్సూరెన్స్ ఆర్కియాలజీ అని పేరు కూడా ఉంది, తవ్వకాలే మరి. పాలసీ పుస్తకమే దొరకాలని లేదు. పాత లీజులో టెనెంట్ ఇన్సూరెన్స్ తీసుకోవాలని క్లాజ్ ఉంటుంది, దానికి సర్టిఫికెట్ పిన్ చేసి ఉండొచ్చు. బ్యాంకు లోన్ ఫైలు, అకౌంటెంట్ లెడ్జర్లు, ఏజెంట్ ఆఫీసు, ఏదైనా పాత యాక్సిడెంట్ కేసు కోర్టు ఫైలు, అన్నీ చూడండి. మీ ఫేజ్ 1 రిపోర్టు వెనక పాత సిటీ డైరెక్టరీ పేజీలుంటాయి, షాపు పేరు అక్కడే పట్టుకోండి. మాకు చివరికి పాత ఓనర్ కూతురి గరాజ్‌లో చెక్ స్టబ్ దొరికింది, దాని మీద పాలసీ నంబరు, అంతే, దాంతోనే తీగ లాగాం. కంపెనీ పేరు మారిపోయినా భయపడకండి, ఎవర్లో కలిసిందో రాష్ట్ర ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్‌ని అడిగితే తెలుస్తుంది.

ఇంకోటి, ఇది నేను దెబ్బ తిని చెప్తున్నా: ఇన్సూరెన్స్ కంపెనీకి నోటీసు ఇవ్వకముందే క్లీనప్ మొదలెట్టకండి. మేము తొందరపడి రెండు ట్యాంకులు తవ్వించాం, మమ్మల్ని అడక్కుండా పెట్టిన ఖర్చు మాకు సంబంధం లేదన్నారు, ఆ డబ్బు నేటికీ రాలేదు.

పటాన్‌చెరు_పోరడు
అన్నా మా దిక్కు నక్కవాగు పొంటి భూములన్నీ కంపెనీల నీళ్ళతోటి ఖరాబైనయ్, మరి ఈ ముచ్చట మనకాడ నడుస్తదా?

పాతకాగితాలు
కష్టం తమ్ముడూ. భోపాల్ తర్వాత 1991లో పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం తెచ్చారు కానీ అది ప్రమాదం జరిగితే బాధితులకి వెంటనే ఎంతో కొంత ఇవ్వడానికి, ఏళ్ళ తరబడి ఇంకిన విషానికి కాదు. మన దగ్గర అలాంటి వాటికి గ్రీన్ ట్రిబ్యునల్ మెట్లెక్కాల్సిందే.

ఇండీ_శీను
చాలా థాంక్స్ అందరికీ. నిన్న రాత్రి బావగారు క్లోజింగ్ డబ్బా (బిల్డింగ్ కొన్నప్పటి కాగితాలు) అంతా కింద పోసి వెతికితే 1974 లీజు కాపీ దొరికింది, వెనక ఏదో సర్టిఫికెట్ ఉంది, ఏజెంట్ ఊరు మున్సీ అని కనిపిస్తోంది, కంపెనీ పేరు మీద సరిగ్గా కాఫీ మరక.

ఫిషర్స్_గ్యాస్‌బంక్
పాలసీ నంబరు ముందు ఏమైనా అక్షరాలున్నాయా? వాటిని బట్టి కూడా కంపెనీని పట్టుకోవచ్చు ఒక్కోసారి. ఒరిజినల్ ఎవరికీ ఇవ్వకండి, ముందు స్కాన్ తీయండి.