సస్కటూన్‌లో కుటుంబంతో ఏడాది పొడవునా: తిండి, ఆటలు, ఆరుబయలు – మీ అనుభవాలు చెప్పగలరు

కొత్తగా_వస్తున్నాం

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా వచ్చే ఆగస్టులో మేము కెనడాలోని అంటారియో రాష్ట్రపు బ్రాంప్టన్ నుంచి సస్కాచెవాన్ రాష్ట్రంలోని సస్కటూన్‌కు మారుతున్నాం. మేమిద్దరం, తొమ్మిదేళ్ల బాబు, అయిదేళ్ల పాప, మాతోనే ఉంటున్న మా అత్తగారు, ఇదీ మా కుటుంబం. అత్తగారు గుడ్డు కూడా ముట్టని శాకాహారి. ఇక్కడి మిత్రులను అడిగితే “అక్కడ ఏముందండీ, నాలుగు రోజులు సెలవు దొరికితే బాన్ఫ్‌కు పోవడమే” అంటున్నారు. రాకీ పర్వతాల్లోని ఆ విహారస్థలానికి కారులో ఏడెనిమిది గంటల ప్రయాణమని తెలిశాక, పిల్లలతో అది ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించి సాధ్యం కాదని అర్థమైంది. మిగిలిన వారాంతాల్లో ఆ ఊళ్లో ఉంటున్నవారు ఏం చేస్తారు, ఎక్కడ తింటారు, పిల్లలను ఏ ఆటల్లో చేరుస్తారు అన్నది మీ అనుభవం నుంచి చెప్పగలరని కోరుతున్నాను.

నది_ఒడ్డు_రావు

నమస్కారమండీ. ఈ ఊరిని అర్థం చేసుకోవడానికి సౌత్ సస్కాచెవాన్ నది దగ్గర మొదలుపెట్టండి. నగరం నడిబొడ్డున పారే ఈ నది రెండు గట్లనూ ఇళ్ల వ్యాపారానికి వదిలేయకుండా కాపాడటానికి 1979లో మీవాసిన్ వ్యాలీ అథారిటీ అనే సంస్థను ఏర్పాటు చేశారు. అది వేసిన బాటలు అన్నీ కలిపితే దాదాపు వంద కిలోమీటర్లు ఉంటాయి. నడవవచ్చు, సైకిల్ తొక్కవచ్చు, చలికాలంలో కొన్ని చోట్ల స్కీలు కట్టుకుని జారవచ్చు; దేనికీ రుసుము లేదు. ఇంత నదీతీరం సామాన్యుడి కాళ్లకు అందుబాటులో ఉన్న ఊరు నేను ఇండియాలోనూ చూడలేదు, అంటారియోలోనూ చూడలేదు.

పిల్లలను ముందుగా రైలు వంతెన కింది ఆనకట్ట దగ్గరకు తీసుకువెళ్లండి. వసంతంలో వచ్చి శరత్తు దాకా ఉండే తెల్లని గూడబాతులు ఆ నీటి ఉరవడిలో చేపల కోసం కాచుకుని ఉంటాయి. కొల్లేరులో, నేలపట్టులో మనకు కనిపించే వాటికి ఇవి దగ్గరి బంధువులే, కాకపోతే ఒడలు ఇంకా పెద్దది. వంతెనకు ఆనుకుని పాదచారుల దారి ఉంది కనుక పైనుంచి చూడవచ్చు; నీటి అంచుకు మాత్రం దిగనివ్వకండి.

ఊరికి దక్షిణాన పదిహేను నిమిషాల దూరంలో బీవర్ క్రీక్ సంరక్షణ ప్రాంతం ఉంది. అరచేతిలో పొద్దుతిరుగుడు గింజలు పెట్టుకుని కదలకుండా నిలబడితే నల్లటి టోపీ పెట్టుకున్నట్టుండే చికడీ పిట్టలు వచ్చి చేతి మీద వాలి గింజ తీసుకుపోతాయి. చలికాలంలో అయితే మరీ త్వరగా వస్తాయి. మీ అయిదేళ్ల పాపకు ఇంతకన్నా మంచి కాలక్షేపం బాన్ఫ్‌లో దొరకదని నేను పందెం కాస్తాను.

ఊరికి ఉత్తరాన వనుస్కీవిన్ ఉంది. ఆరు వేల ఏళ్లకు పైగా మైదాన ప్రాంతపు ఆదివాసులు కూడుకున్న లోయ అది. 2019 చివర అక్కడికి అడవిదున్నల్లాంటి బైసన్ మందను తిరిగి తెచ్చి వదిలారు. ఆ మరుసటి ఏడాది అవి దొర్లిన చోట మట్టి లేచిపోయి, పూర్వులు బండరాళ్ల మీద చెక్కిన గీతలు బయటపడ్డాయి. పురావస్తు శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి తవ్విన చోటే ఇది జరగడం నాకు ఎప్పుడూ నవ్వు తెప్పిస్తుంది.

ఇంకొక సంగతి: ఈ రాష్ట్రంలో గడియారాలు ఏడాదికి రెండుసార్లు మార్చే పద్ధతి లేదు. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది, కాబట్టి ఆఫీసు నుంచి వచ్చాక కూడా ఒక పూట మిగిలినట్టే.

మంజీర_తీరం

రావు గారి మాటలు మే నుంచి సెప్టెంబరు దాకా అక్షరాలా నిజం. మిగిలిన నెలల గురించి ఇద్దరు పిల్లల తల్లిగా నేను కాస్త వేరుగా చెప్పాలి. డిసెంబరు నడుమ తొమ్మిది దాటాక గాని సూర్యుడు కనిపించడు, అయిదు కాకముందే అస్తమిస్తాడు. ఉష్ణోగ్రత మైనస్ ముప్పైకి పడిన రోజులు ప్రతి చలికాలంలోనూ ఉంటాయి. గాలితో కలిపి లెక్కించే చలి మైనస్ 28 దాటితే కప్పుకోని చర్మం పది నుంచి ముప్పై నిమిషాల్లో గడ్డకట్టే ప్రమాదం ఉందనీ, మైనస్ 40 దాటితే అయిదు నుంచి పది నిమిషాలు చాలనీ కెనడా వాతావరణ శాఖ హెచ్చరిస్తుంది. టొరంటో చుట్టుపక్కల కొన్న కోటు ఇక్కడ చాలదు. పిల్లలకు మంచు ప్యాంటు, మోచేతి దాకా వచ్చే మిటెన్లు (వేళ్లన్నీ ఒకే అరలో ఉండే చేతితొడుగులు), లోపలి పొర విడిగా తీసి ఆరబెట్టుకోగల బూట్లు తప్పనిసరి. పిల్లలు ఏటా పెరిగిపోతారు కనుక ఇవన్నీ వాడిన సరుకుల దుకాణాల్లో కొనడమే తెలివైన పని. ఇక్కడ స్థానికులు కూడా అదే చేస్తారు, నామోషీ ఏమీ లేదు.

మా ఇంట్లో చలికాలం నడిచేది నగరపాలక సంస్థ నడిపే లీజర్ సెంటర్ల మీద. షా సెంటర్‌లో యాభై మీటర్ల ఈతకొలను ఉంది; లాసన్ సివిక్ సెంటర్‌లో అలలు పుట్టించే కొలను ఉంది. కుటుంబం మొత్తానికి పాస్ తీసుకుంటే ఏ సెంటర్‌కైనా వెళ్లవచ్చు. బయట మంచుతుఫాను వీస్తుంటే లోపల పిల్లలు అలల్లో ఎగరడం చూస్తే, కట్టిన సొమ్ముకు న్యాయం జరిగిందనిపిస్తుంది.

ఇక ప్రతి పేటకూ ఒక కమ్యూనిటీ అసోసియేషన్ ఉంటుంది. ఆ పేటవాళ్లే స్వచ్ఛందంగా రాత్రిపూట నీళ్లు పట్టి పార్కులో స్కేటింగ్ రింకు తయారు చేస్తారు. తక్కువ రుసుముతో సాకర్, నృత్యం, యోగా తరగతులు కూడా నడుపుతారు. స్కేటింగ్ తెలియని తల్లిదండ్రులు పిల్లల ముందు పడటానికి సిగ్గుపడనక్కరలేదు. పక్కనే నాలుగేళ్ల పిల్లలు ప్లాస్టిక్ కుర్చీలు తోసుకుంటూ నేర్చుకుంటూ ఉంటారు, వారితో కలిసి మీరూ నేర్చుకోండి. కాస్త ధైర్యం వచ్చాక నది ఒడ్డున బెస్‌బరో హోటల్ పక్కనున్న మీవాసిన్ రింకుకు వెళ్లండి. కోటలాంటి ఆ కట్టడం కింద దీపాల వెలుగులో స్కేటింగ్ చేయడానికి ప్రవేశ రుసుము ఏమీ లేదు.

పప్పుచారు_ప్రియ

తిండి విషయం నాకు వదిలేయండి. అత్తగారి సంగతి విన్నాక కొంత వివరంగా రాయాలనిపించింది.

మొదట ఒక సంతోషకరమైన విషయం. కెనడాలో పండే మసూర్ పప్పులో అధికభాగం ఈ రాష్ట్రానిదే. యూనివర్సిటీ ఆఫ్ సస్కాచెవాన్‌లో ఆల్‌ఫ్రెడ్ స్లింకార్డ్ అనే శాస్త్రవేత్త 1978లో లెయిర్డ్, 1980లో ఎస్టన్ అనే రకాలను విడుదల చేశాకే ఇక్కడి గోధుమ రైతులు పప్పు వైపు మళ్లారు. మన దేశం విదేశాల నుంచి కొనే మసూర్, బఠాణీల్లో కొంత ఈ పొలాల నుంచి వచ్చినదే. ఇండియన్ కిరాణాలో కంది, మినప, గోంగూర పచ్చడి, ఇడ్లీ రవ్వ అన్నీ దొరుకుతాయి కనుక ఇంటి వంటకు లోటు ఉండదు. బిర్యానీ పెట్టే భోజనశాలలు కూడా ఉన్నాయి, కాని వాటి కోసమైతే బ్రాంప్టన్ వదిలి రానక్కరలేదు కదా!

ఈ ఊరి అసలు రుచి యుక్రెయిన్ నుంచి వలస వచ్చినవారి వంటలో ఉంది. పెరోగీలని, మైదా పిండి రేకులో బంగాళదుంప, చీజ్ కూరి ఉడికించి వేయించి పెడతారు. దాదాపు మన కజ్జికాయ ఆకారమే. కూర్పు శాకాహారమే అయినా పైన వేయించిన ఉల్లిపాయతో పాటు పందిమాంసపు ముక్కలు చల్లడం పరిపాటి కనుక ముందే వద్దని చెప్పాలి; పిండిలో గుడ్డు వేస్తారా అనీ అడగాలి. క్యాబేజీ ఆకుల్లో అన్నం చుట్టి వండే వంటకంలో మాంసం ఉన్నదీ ఉంటుంది, లేనిదీ ఉంటుంది. బోర్ష్ట్ అనే బీట్‌రూట్ చారు చూడటానికి శాకాహారంలాగే ఉంటుంది గాని మాంసపు రసంతో కాచి ఉండవచ్చు. వేయించిన బంగాళదుంప ముక్కలు, చీజ్‌తో చేసే పూటీన్ మీద పోసే గ్రేవీకీ అదే జాగ్రత్త వర్తిస్తుంది.

జులైలో సస్కటూన్ బెర్రీలు పండుతాయి. ఊరికి ఆ పేరు ఈ పండు క్రీ భాషా నామం నుంచే వచ్చింది. చూడటానికి నేరేడు పిల్లలా, నీలం నలుపు కలిసిన రంగులో ఉంటుంది. గింజ నలిగినప్పుడు బాదం వాసన తగులుతుంది. చుట్టుపక్కల తోటల్లో మనమే కోసుకుని తూకం వేయించుకోవచ్చు. మీరు ఆగస్టులో వస్తున్నారు కాబట్టి ఇవి ఈ ఏటికి దాటిపోవచ్చు గాని, ఇదే విశ్వవిద్యాలయం చలికి తట్టుకునేలా పెంచిన పొట్టి చెట్ల పుల్ల చెర్రీలు అప్పటికి ఉండే అవకాశం ఉంది. వాటితో ఊరగాయ పెట్టిన తెలుగువారు మాలో ఉన్నారు, బాగానే కుదిరింది. ఈ బెర్రీలు పిండి రేకుల్లో కూరి కాల్చే “పై” (pie) కొనేటప్పుడు మాత్రం పిండి పొరలో పందికొవ్వు వాడారేమో అడగడం మరచిపోకండి. పాత పద్ధతిలో చేసే చోట్ల ఎక్కువగా అదే వాడతారు, అడిగితే దాపరికం లేకుండా చెబుతారు.

బిల్లు చూసి కంగారు పడకండి: భోజనం మీద కేంద్రం పన్ను 5 శాతం, రాష్ట్రం పన్ను 6 శాతం, ఆ పైన 15 నుంచి 18 శాతం దాకా టిప్పు. పట్టికలో ఇరవై డాలర్లున్న పళ్లెం చివరికి పాతిక దాటుతుంది. ఆగస్టు నడుమ ఫోక్‌ఫెస్ట్ జరుగుతుంది. ఒక్కో దేశంవారు ఒక్కో చోట పెవిలియన్ పెట్టి తమ వంట, తమ నృత్యం చూపిస్తారు. ఆలోపే చేరుకోగలిగితే ఊరివాళ్లంతా ఒకేసారి పరిచయమవుతారు.

సందర్భం కాకపోయినా ఒకటి చెబుతాను. 1882లో ఈ ఊరిని స్థాపించినవారు మద్యనిషేధ సంఘంవారు. ఇప్పుడు సాయంత్రం వేళ బ్రాడ్‌వే వీధిలో నడిచి చూడండి, వారి ఆశయం ఎంతవరకు నిలిచిందో తెలుస్తుంది.

కొత్తగా_వస్తున్నాం

మీ అందరికీ ధన్యవాదాలు. పందికొవ్వు సంగతి మాకు ఊహకు కూడా అందేది కాదు. ఇంకో రెండు ప్రశ్నలు. మా బాబుకు క్రికెట్ ప్రాణం. ఆరు నెలలు మంచు ఉంటే వాడేం ఆడాలి? వేసవిలో నదిలో పిల్లలను దింపవచ్చా?

ఆఫ్‌స్పిన్నర్

బాబుకు క్రికెట్ ఉంటుంది కాని మే నుంచి సెప్టెంబరు వరకే, అదీ సాయంత్రాల్లో, వారాంతాల్లో. మిగతా కాలానికి ఇంకొక ఆట ప్రేమించడం నేర్పండి. ఇక్కడ హాకీ అంటే మంచు మీద ఆడే ఐస్ హాకీ; దాని పరికరాల ఖర్చు, తెల్లవారుజామున సాధనకు లేవడం అందరికీ నప్పవు. నా సలహా కర్లింగ్. సస్కాచెవాన్ అధికారిక క్రీడ అదే. ఇక్కడికి గంట దూరంలోని బిగ్గర్ అనే చిన్న ఊరి అమ్మాయి సాండ్రా ష్మిర్లర్ 1998 నగానో ఒలింపిక్స్‌లో తన జట్టుతో బంగారు పతకం గెలిచింది. దాదాపు ఇరవై కిలోల రాయిని మంచు మీద జార్చి, దాని ముందు చీపురుతో రుద్దుతూ దారి మళ్లించడం చూసి మొదట నవ్వు వస్తుంది. రెండు వారాలు ఆడాక అది లెక్కల ఆట అని తెలుస్తుంది. పిల్లలకు తేలిక రాళ్లు ఉంటాయి. ఆట అయ్యాక గెలిచినవారు ఓడినవారికి పానీయం ఇప్పించడం ఆచారం.

చూడటానికైతే సస్క్‌టెల్ సెంటర్‌కు వెళ్లండి. హాకీలో బ్లేడ్స్ జట్టు పదహారు నుంచి ఇరవై ఏళ్ల కుర్రాళ్లది. 1966లో వారి లీగ్ పుట్టినప్పటి నుంచీ ఉంది. ముఖద్వారం దగ్గర హాకీ దిగ్గజం గార్డీ హౌ విగ్రహం కనిపిస్తుంది. ఆయన ఇక్కడికి పక్కనే ఉన్న ఫ్లోరల్‌లో 1928లో పుట్టాడు. ఆయన, ఆయన భార్య అస్థికలు ఆ విగ్రహం అడుగునే ఉన్నాయి. అయితే నా ఓటు మాత్రం లక్రాస్ (చివర వల ఉన్న కర్రలతో బంతిని పట్టి విసిరే ఆట) ఆడే రష్ జట్టుకే. హాకీ మైదానంలో మంచు మీద పచ్చిక చాప పరచి ఆడతారు, గోల్స్ ఆగకుండా పడుతుంటాయి, పాట ఆట సాగుతున్నంతసేపూ మోగుతూనే ఉంటుంది. ఎడ్మంటన్ నుంచి ఇక్కడికి మారాక 2016లోనూ 2018లోనూ విజేతలుగా నిలిచారు. కెనడా పార్లమెంటు 1994లో చట్టం చేసి హాకీని చలికాలపు, లక్రాస్‌ను వేసవి జాతీయ క్రీడలుగా ప్రకటించింది. రష్ మాత్రం ఆ వేసవి క్రీడను చలికాలంలో ఆడుతుంది, అది వేరే సంగతి.

రఫ్‌రైడర్స్ జట్టు ఆడే కెనడియన్ ఫుట్‌బాల్ (సాకర్ కాదు) చూడాలంటే రెజైనాకు రెండున్నర గంటలు వెళ్లాలి. అక్కడ అభిమానులు పుచ్చకాయ డొల్లను శిరస్త్రాణంలా పెట్టుకుని కూర్చుంటారు. ఒక్కసారైనా చూడదగ్గ దృశ్యం.

నది_ఒడ్డు_రావు

నదిలో దిగడం గురించి: వద్దు. పైకి ఎంత నెమ్మదిగా కనిపించినా ఇసుక తిన్నెల అంచు దాటగానే లోతు పడుతుంది, అడుగున ప్రవాహం బలంగా ఉంటుంది. గోదావరిలో ఈదినవారమన్న ధీమా ఇక్కడ పనికిరాదు. చలికాలంలోనూ ఆనకట్ట, వంతెన స్తంభాల దగ్గర మంచు పలుచగా ఉంటుంది కనుక నది మీద నడవకండి.

ఈతకు అరగంట దూరంలో పైక్ లేక్ రాష్ట్ర ఉద్యానవనం ఉంది. జారుడుబల్లతో బయటి కొలను కూడా ఉంది. కారుకు రాష్ట్ర పార్కుల అనుమతి పత్రం తీసుకోవాలి. తరచుగా వెళ్లేవారు ఏడాదిది తీసుకుంటే లాభం. అత్తగారిని మాత్రం మానిటూ బీచ్‌కు తీసుకువెళ్లండి. గంటన్నర దారి. అక్కడి సరస్సు నీరు సముద్రం కన్నా ఉప్పన కనుక ఈత రానివారు కూడా తేలతారు. ఆ నీటినే వెచ్చబెట్టిన కొలనులో మోకాళ్ల నొప్పులున్నవారు గంటల తరబడి కూర్చుంటారు. కళ్లలో పడకుండా చూసుకోవాలి.

మూడు రోజుల సెలవు వస్తే ఉత్తరాన రెండు గంటలకు పైగా ప్రయాణించి వాస్కసూకు వెళ్లండి. 1927లో ఏర్పడిన ప్రిన్స్ ఆల్బర్ట్ జాతీయ ఉద్యానవనంలోని ఊరు అది. ఎల్క్ జింకలు వీధుల్లోనే తిరుగుతాయి, దగ్గరకు పోకూడదు. బాన్ఫ్‌లో కారు నిలపడానికి పట్టే సమయంలో ఇక్కడ సరస్సులో పడవ వేసుకుని ఉంటారు.

మంజీర_తీరం

మానిటూ మాట నిజమే, మా అమ్మ వచ్చినప్పుడల్లా అక్కడికే వెళ్దామంటుంది. చలికాలంలో పెద్దవాళ్ల నడకకు సస్కటూన్ ఫీల్డ్ హౌస్‌లో పైకప్పు కింద నడిచే ట్రాక్ ఉంది. బయటికి వెళ్లే రోజుల కోసం బూట్ల అడుగున తొడిగే ఇనుప పళ్లు కొనిపెట్టండి. కారుకు ఇంజిన్ వెచ్చబెట్టే బ్లాక్ హీటర్ ఉందో లేదో బ్రాంప్టన్‌లోనే చూపించుకోండి, ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు పార్కింగు దగ్గర దానికి కరెంటు ప్లగ్గు ఉందా అని అడగండి.

పిల్లల ఈత తరగతుల నమోదు వేసవి చివర్లో మొదలవుతుంది. మంచి సమయాలు మొదటిరోజే నిండిపోతాయి కాబట్టి, చిరునామా ఖరారు కాగానే నగరపాలక సంస్థ వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి ఉంచుకోండి.