ఎలుక మెదడులో డోపమైన్: ప్రోబ్ ఇచ్చే అంకెను ఎంతవరకు నమ్మాలి?

యశ్వంతపూర్ అమ్మాయి:
నమస్కారం. బెంగళూరులో పీహెచ్‌డీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మెలకువగా తిరిగే ఎలుక మెదడు లోపలి భాగమైన స్ట్రయేటమ్‌లో మైక్రోడయాలిసిస్‌తో నరాలు సందేశాలు పంపే రసాయనమైన డోపమైన్ కొలుస్తున్నాను. అంటే కొసన సన్నని పొర ఉన్న ప్రోబ్ మెదడులో దించి, దానిలో ద్రవం పారిస్తూ, పొర దాటి వచ్చినదాన్ని పడతాను. పొర పొడవు 3 మిల్లీమీటర్లు, ప్రవాహం నిమిషానికి 2 మైక్రోలీటర్లు, 20 నిమిషాలకో నమూనా. ఉదయం తొమ్మిదికి ప్రోబ్ దించి, పదికి సేకరణ మొదలుపెడతాను. మూడో నమూనాకే యంత్రం చూపే డోపమైన్ శిఖరం సగానికి పడిపోతోంది, ఐదోదానికి ఇంకా తక్కువ. మందు ఇవ్వకముందే ఇలా జారిపోతుంటే, మందు వల్ల ఏం మారిందని రాయను? పైగా చివరికి తేలే గాఢత 2 నానోమోలార్. మెదడులో ఉన్నది అంతేనా? ఒక్కో ఎలుకకు శస్త్రచికిత్స చేసి, వారం రోజులు కంటికి రెప్పలా చూసుకుంటాను. నిన్న నాలుగోదాని ఫలితాలనూ పక్కన పెట్టాను. రాత్రి అన్నం సహించలేదు.

పెరంబూరు అక్క:
చెల్లీ, నువ్వు తొందరపడుతున్నావు. దాదాపు అర మిల్లీమీటరు లావు ప్రోబ్ దిగినప్పుడు నరాల కొసలు తెగి, లోపలి డోపమైన్ ఒలికిపోతుంది. తొలి గంటల్లో నువ్వు పట్టేది ఆ ఒలుకునే. ముందురోజు సాయంత్రమే ప్రోబ్ దించి, రాత్రంతా ద్రవాన్ని సన్నగా పారించు. ఉదయం వరుసగా మూడు నమూనాలు పది శాతం తేడాలోపు వచ్చాకే మందు ఇవ్వు. చివర్లో కాల్షియం లేని ద్రవం పంపి చూడు, లేదా ద్రవంలో టెట్రోడోటాక్సిన్ అనే విషం కలుపు. రెండూ నరాల విడుదలను ఆపేవే. డోపమైన్ బాగా పడిపోవాలి. పడకపోతే అది నరాలు విడుదల చేసింది కాదు, గాయం నుంచి కారుతున్నది.

ఇంకొకటి, సీసాల్లో ముందే కాస్త పెర్‌క్లోరిక్ ఆమ్లం వేస్తున్నావా? వేయకపోతే డోపమైన్ ఆక్సీకరణ చెంది, యంత్రం దాకా చేరేలోపే తరిగిపోతుంది.

కార్బన్ పోగు:
ఆ 2 నానోమోలార్ పొర దాటి వచ్చినంత మాత్రమే. ద్రవం వేగంగా పారితే పొర దగ్గర నిలిచే సమయం తగ్గుతుంది, గాఢతా తగ్గుతుంది. మెదడులోది అంచనా వేయాలంటే ద్రవంలోనే డోపమైన్ కలిపి పంపండి: 0, 5, 10, 20 నానోమోలార్. తక్కువ కలిపినప్పుడు మెదడు నుంచి వస్తుంది, ఎక్కువ కలిపినప్పుడు మెదడులోకి పోతుంది. రాకపోకలు సమానమైన చోటున్న గాఢతే మీకు కావలసింది. అదీ ప్రోబ్ చుట్టూ దెబ్బతిన్న కణజాలానిదే, ఆ మాట వ్యాసంలో దాచకండి.

నేను వాడేది 7 మైక్రాన్ల కార్బన్ పోగు ఎలక్ట్రోడ్. సెకనుకు పదిసార్లు మైనస్ 0.4 నుంచి 1.3 వోల్టుల దాకా వోల్టేజి ఎక్కించి దించుతాం. క్షణంలో వచ్చిపోయే డోపమైన్ పొంగు కనిపిస్తుంది. కానీ ముందునుంచీ పారుతున్న నేపథ్య విద్యుత్తును లెక్కలోంచి తీసేస్తాం కాబట్టి దొరికేది మార్పే, నిలకడగా ఉన్న మోతాదు కాదు. 2018లో వచ్చిన డీలైట్ వంటి, డోపమైన్ తగిలితే వెలిగే సెన్సార్లకూ అదే పరిమితి. మీ ప్రశ్నకు మీ పద్ధతే సరైనది, వదలకండి.

యశ్వంతపూర్ అమ్మాయి:
అక్కా, ఆమ్లం వేయడం లేదు! పోయిన వారం కరెంటు పోయి పంపు ఆగినప్పుడు తొమ్మిది సీసాలు మూడు గంటలు బల్ల మీదే ఉన్నాయి. ఐదో ఎలుకకు గురువారం సాయంత్రమే ప్రోబ్ దించుతాను. ప్రవాహం 1కి తగ్గిస్తే సీసాకు 20 మైక్రోలీటర్లే వస్తుంది. సరిపోతుందా?

పెరంబూరు అక్క:
సరిపోతుంది. పది యంత్రంలోకి ఎక్కించు, మిగతా పది మైనస్ 80లో దాచు. పడుకునే ముందు ఒకసారి వెళ్ళి చూడు, ఎలుక తిరిగినప్పుడల్లా స్వివెల్ (గొట్టాన్ని పట్టుకునే తిరుగుడు కీలు) కూడా తిరగాలి. అది బిగిస్తే గొట్టం మెలిపడి, తెల్లారేసరికి ప్రవాహం ఆగిపోతుంది.