వాలంటీర్ల గంటలు ఎలా రాయించాలి? మాస్టారు నొచ్చుకున్నారు

ఆదోని టీచరమ్మ:
అందరికీ నమస్కారం. మాది ఆదోని. సొసైటీ రిజిస్ట్రేషన్ ఉంది గానీ ఆఫీసంటూ వేరే లేదు, మా ఇంటి ముందు గదే. సాయంత్రం 6 నుంచి 8 దాకా పిల్లలకు ట్యూషన్ చెబుతాం. అమ్మానాన్నలు సుగ్గికని గుంటూరు వైపు మిరప కోతలకు పోతే అవ్వాతాతల దగ్గర మిగిలిపోయే పిల్లలే ఎక్కువ. వాలంటీర్లు 14 మంది.

మొన్న నోటుపుస్తకాలకు డబ్బిచ్చే ఒక సంస్థ వాళ్లు, పోయిన సంవత్సరం మీ వాలంటీర్లు మొత్తం ఎన్ని గంటలు పనిచేశారని అడిగారు. తలుపు పక్కన మేకుకు ఒక లాంగ్ నోట్‌బుక్, దానికి దారంతో పెన్ను కట్టి పెట్టాను. తెరిచి చూస్తే అన్నీ సంతకాలే. టైమ్ గడిలో పైన ఎవరో ‘6–8’ అని రాస్తే, కింద అందరూ డిట్టో గుర్తులు పెట్టుకుంటూ పోయారు. మా డిగ్రీ అమ్మాయి 8 తర్వాత ఆడపిల్లలను రెండు వీధుల అవతల ఇళ్లకు దింపి వస్తుంది. ఇంకో తమ్ముడు ఆదివారాలు ఊళ్లకు పోయి, బడి మానేసిన పిల్లల అవ్వలతో మాట్లాడి వస్తాడు. ఆ గంటలు ఎక్కడా లేవు. దాతకు జవాబు ఇవ్వలేకపోయినందుకు కాదు నా బాధ. అంత తిరిగినవాళ్ల పని నా పుస్తకంలోనే లేకుండా పోయింది.

సరే, ఇకనుంచి వచ్చిన టైమ్, పోయిన టైమ్ రాయమన్నాను. మా దగ్గర లెక్కలు చెప్పే రిటైర్డ్ హెడ్మాస్టరు, “ఏం తల్లీ, నాకు మస్టర్ వేస్తున్నావా?” అని పెన్ను వదిలేసి లోపలికి పోయారు. పాఠం మామూలుగానే చెప్పారు. నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా వైపు గంటలు లెక్కపెట్టేది కూలికే కదా. మీరంతా ఎలా రాయిస్తున్నారు?

అనంతపురం అన్న:
అక్కా, మాస్టారు నొచ్చుకోవడంలో తప్పు లేదు. వచ్చిన టైమ్, పోయిన టైమ్ అంటే కాపలా కాసినట్టే ఉంటుంది. మేము మొదట ఫోన్‌లో గూగుల్ ఫారం పెట్టాం. కుర్రాళ్లు రెండు వారాలు నింపి వదిలేశారు, పెద్దవాళ్లు తెరవనే లేదు. ఇప్పుడు గోడ మీద క్యాలెండరే. ఇంట్లో పాల లెక్క రాసుకోమా, అలాగే. ఒక్కొక్కరికి ఒక అక్షరం. ఆ రోజు గడిలో తన అక్షరం, పక్కన ఎన్ని అరగంటలో ఆ అంకె. ‘ర 4’ అంటే రెండు గంటలు. పిల్లల ఇళ్లకు తిరిగిన పనైతే అంకె చుట్టూ సున్నా చుట్టాలి. నెలాఖరున ఒకరు కూడి, ఆ షీటును ఫోటో తీసి గ్రూపులో పెడతారు. షీటు చిరిగినా లెక్క పోదు. ముందు మీ పేరుతోనే మొదలుపెట్టండి అక్కా, వాళ్లను తర్వాత అడగండి.

కడప అకౌంట్స్:
మేడమ్, రాయించేటప్పుడే ఒకటి తేల్చుకోండి. ఈ గంటలను రూపాయల్లోకి మార్చి జమాఖర్చుల్లో వేయకండి. గంటకు ఇంత అని వెలకట్టి విరాళంగా చూపించిన సొసైటీ లెక్కలు నేనే సరిచేయాల్సి వచ్చింది. గంటలు వార్షిక నివేదికలో విడిగా ఉండాలి. ఉచితంగా చదువు చెప్పినందుకు 80జీ రసీదు, అంటే విరాళం మీద ఆదాయపు పన్ను మినహాయింపుకు చూపించే రసీదు, అడిగేవాళ్లుంటారు, ఇవ్వకూడదు. సేవకూ వస్తువులకూ ఆ మినహాయింపు వర్తించదు, నగదైనా 2,000 రూపాయలు దాటితే రాదు. ఊళ్లకు తిరిగే తమ్ముడికి పెట్రోలు డబ్బు ఇస్తుంటే బిల్లు జతచేసి వోచర్ మీద సంతకం తీసుకోండి. ఎవరికైనా నెలనెలా గౌరవ వేతనం ఇస్తుంటే వాళ్ల గంటలు వాలంటీర్ల మొత్తంలో కలపవద్దు.

ఆదోని టీచరమ్మ:
రెండు నెలల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమీ అనుకోకండి. జనవరి ఒకటిన పెద్ద గడుల క్యాలెండర్ తగిలించి మొదటి గడిలో నా అక్షరమే రాశాను. ఎవరినీ ఏమీ అడగలేదు. నాలుగో రోజుకు పిల్లకాయలే “అక్కా, నీది రాయలేదు” అని గుర్తుచేయడం మొదలుపెట్టారు.

నెలాఖరున కూడితే 143 గంటలు. అందులో 61 గంటలు సున్నా చుట్టినవే, అంటే ఇళ్లకు తిరిగినవి. సుగ్గికి పోయే నెలల్లో మా పని సగానికి దగ్గరగా గది బయటే జరుగుతోందన్నమాట. ఇన్నేళ్లూ నేను నల్లబల్లలూ సుద్దముక్కలే అడిగాను దాతలను. ఈసారి ఆ షీటు ఫోటో పంపి, ఊళ్లకు తిరగడానికి పెట్రోలు ఖర్చు అడిగాను. చూస్తామన్నారు. కడప సార్ చెప్పినట్టు వోచర్ పుస్తకం కూడా కొన్నాను.

మాస్టారు మొదటి రెండు వారాలు ఆ గోడ వైపే చూడలేదు. ఆయన గంటలు నేనే రాస్తూ వచ్చాను. ఒక సాయంత్రం కళ్లజోడు పైకి జరుపుకొని క్యాలెండర్ దగ్గర చాలాసేపు నిలబడ్డారు. “నిన్న ఈ పాప వానలో పిల్లలను దింపి వచ్చింది గదమ్మా, ఎవరూ రాయలేదే” అన్నారు. దారం పట్టుకొని పెన్ను లాక్కొని, ఆ అమ్మాయి అక్షరం రాసి, పక్కన 1 వేసి, దాని చుట్టూ సున్నా చుట్టారు. తర్వాత పక్క గడిలో తనది రాసుకున్నారు.