పాతపట్నం అడ్రసుకి మార్చీమంటున్నారు, మార్చాలా వద్దా?

పర్లాకిమిడి నాన్న:
అమ్మాయి ఇక్కడే, ఒడిశాలో, ప్లస్ టూ పాసైంది, ఆంధ్రాలో బీటెక్ చదువుతానంటోంది. మాది ఎస్సీ కుటుంబం, సంపాదన ఏడాదికి 2 లక్షలు దాటదు. సరిహద్దు అవతల ఆంధ్రా పాతపట్నంలో ఉన్న మా బావమరిది "పిల్ల ఆధారు, రేషన్ కార్డు మా ఇంటికి మార్చీ బావా, ఫీజంతా ఆంధ్రా గవర్నమెంటే కట్టీస్తాది" అంటున్నాడు. ఇంట్లో ఆవిడదీ అదే పాట. నాకే మనసొప్పడం లేదు. ఏటి చేయమంటారు?

రాయగడ కుర్రోడు:
మార్చీండన్నా. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఎవడో గీత గీస్తే ఇటు పడ్డాం, అంతేనేటి తేడా? అటు మన చుట్టాల పిల్లలకి రీయింబర్స్‌మెంటు, ఇటు మనకి ఒడియా ఫారాలు. మా వీధిలో ఇద్దరు మార్చుకున్నారు, ఎవడూ అడగలేదు.

బరంపురం మాస్టారు:
న్యాయమా కాదా అన్నది వేరే మాట. అసలు డబ్బు వస్తుందా అంటే రాదు. అక్కడ లోకల్ అనిపించుకోవాలంటే చివరి 4 ఏళ్లు అక్కడి బడుల్లో చదివుండాలి. పర్లాకిమిడిలో ప్లస్ టూ చదివిన పిల్లకి ఆ లెక్క ఎలా కుదురుతుంది? పైగా సచివాలయం వాళ్లు ఒక ఇంట్లో ఎవరెవరున్నారో మొత్తం మ్యాపింగ్ చేసి రాసుకుంటారు. మేనమామ కార్డులో మేనకోడలు ఎందుకుందని అడిగితే ఏం చెబుతారు?

కులం కాగితం సంగతి ఇంకా పెద్దది. ఆంధ్రాలో ఎస్టీ అయిన ఒక కుర్రాడు తండ్రి ఉద్యోగం వల్ల చిన్నప్పుడే మహారాష్ట్ర వెళ్లి, అక్కడ ఎస్టీ కోటాలో మెడికల్ సీటు అడిగాడు. కుదరదని, ఒక రాష్ట్రం కులం కాగితం ఇంకో రాష్ట్రం కోటాకి పనికిరాదని 1990లో సుప్రీంకోర్టు తేల్చేసింది. మర్రి చంద్రశేఖరరావు కేసంటే వకీళ్లందరికీ తెలుసు.

మీకు పనికొచ్చే మాట ఒకటుంది. ఎస్సీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్, అంటే పదో తరగతి తర్వాతి చదువులకిచ్చేది, ఇవ్వాల్సింది పిల్ల చదివే రాష్ట్రం కాదు, స్థిరంగా ఉండే రాష్ట్రం. ఆదాయం 2.5 లక్షల లోపు ఉండాలి, మీది లోపే. ఆంధ్రాలో చదివినా అడగాల్సింది ఒడిశానే. ఇప్పుడు అడ్రసు మారిస్తే ఆ హక్కు కూడా పోగొట్టుకుంటారు.

సిరోంచ అక్క:
మా తాన, మహారాష్ట్ర సరిహద్దుల గూడ గిదే ముచ్చట. మా తమ్ముని బిడ్డ కార్డు నది అవతల తెలంగాణకు మార్చిన్రు. ఆడ రాలే, ఈడ పోయింది. గంతల 2024 జులైల మహారాష్ట్ర సర్కారు 8 లక్షల లోపు ఆదాయమున్న ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ (ఓసీల పేద) ఇండ్ల ఆడపిల్లలకు ప్రొఫెషనల్ కోర్సుల ట్యూషన్ ఫీజు మొత్తం మాఫీ జేసింది. మా వదిన ఇప్పటికీ తలకాయ కొట్టుకుంటది.

రాయగడ కుర్రోడు:
సరే మాస్టారూ, హక్కు ఒడిశాదే. కానీ కాలేజీ ఫీజు చేరిన రోజే అడుగుతాది. మీ స్కాలర్‌షిప్ పడేదెప్పుడు? అప్పటిదాకా నూటికి మూడు వడ్డీకి తెమ్మంటారా?

బరంపురం మాస్టారు:
ఇది మాత్రం నిజం, దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు. మా అబ్బాయికి ఏడాది చదువయ్యాక పడింది. వడ్డీ వ్యాపారి కన్నా బ్యాంకు చదువు అప్పు నయం. 4 లక్షల దాకా తాకట్టు అడగకూడదు, ఆపైన 7.5 లక్షల దాకా అప్పుకి ప్రభుత్వ పూచీ ఉండే గ్యారంటీ పథకం ఉంది. ఆదాయం 4.5 లక్షల లోపైతే చదివే కాలానికీ, ఆ తర్వాత ఏడాదికీ వడ్డీ కేంద్రమే కడుతుంది. కాకపోతే కాలేజీకి నాక్ గానీ ఎన్‌బీఏ గానీ (చదువు నాణ్యత చూసే సంస్థలు) ఇచ్చిన గుర్తింపుండాలి. చేరే ముందే అడిగి తెలుసుకోండి. మేనేజరు తిప్పుతాడు, తిరగక తప్పదు.

ఇంకోటి, డబ్బు పడేది ఆధార్‌కి చివరగా లింకైన ఖాతాలో. మీరు ఫారంలో రాసిన ఖాతాలోనే పడాలని లేదు.

పర్లాకిమిడి నాన్న:
బావమరిదికి ఫోన్లో చెప్పీసాను, అలిగాడు. రేపు ఆదాయం కాగితానికి తహసీల్‌కి పోతున్నాను. చిన్న అనుమానం: ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, ప్లస్ టూ మార్కుల జాబితాలో చివర పెట్టీసారు. ముందు ఏది మార్చాలి?

బరంపురం మాస్టారు:
ఆధారే మార్చండి. మార్కుల జాబితా జోలికి వెళ్తే ఈ ఏడు అయ్యే పని కాదు.