లైబ్రరీ సెస్ లెక్క ఎవరిని అడగాలి?

నమస్కారమండీ. మాది ఆంధ్రాలో ఒక చిన్న మున్సిపాలిటీ. ఇక్కడి శాఖా గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలు పొద్దున్నే వచ్చి కూర్చుంటారు. వానొస్తే కప్పు కారి పుస్తకాలు తడుస్తున్నాయి. అడిగితే మున్సిపాలిటీ నుంచి సెస్ బకాయి రాలేదంటున్నారు.

1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున సెస్ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి కదా. మేం ఏటా కడుతూనే ఉన్నాం. మరి ఆ డబ్బు ఎటు పోతోంది? ఇప్పుడేమో పాత భవనం పడగొట్టి షాపింగ్ కాంప్లెక్స్ కట్టి, పై అంతస్తులో లైబ్రరీ పెడతారని వింటున్నాం. చిన్న వ్యాపారులకు షాపులు దొరికితే మంచిదే, దానికి మేం అడ్డు కాదు. కానీ మెట్లెక్కలేని పెద్దవాళ్లు పేపర్ చదవడానికి ఎక్కడికెళ్తారు?

సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టాలనుకుంటున్నాను. ఎంత వసూలైందో, ఎంత జమ చేశారో మున్సిపాలిటీని అడిగితే చాలా, గ్రంథాలయ సంస్థను విడిగా అడగాలా? ప్రశ్న ఎలా రాస్తే దాటవేయకుండా ఏడాదివారీగా లెక్క ఇస్తారు? స్థలం ఎవరి పేరున ఉందో తేలాలంటే ఏ కాగితం అడగాలి? మీ ఊళ్లో ఇలా బకాయి రాబట్టినవాళ్లుంటే దయచేసి చెప్పండి.