రక్తపరీక్షతో పానిక్ డిజార్డర్‌ను నిర్ధారించవచ్చునా?

ప్రశ్న: రాత్రిషిఫ్టు

అందరికీ నమస్కారం. నాకు ముప్పై నాలుగేళ్లు. హైదరాబాదులో ఉంటూ అమెరికా వేళలకు పనిచేస్తాను కాబట్టి తెల్లవారుజామున ఐదింటికి పడుకుని మధ్యాహ్నం పన్నెండింటికి నిద్ర లేస్తాను. గత నాలుగు నెలల్లో మూడుసార్లు, పైకి ఏ కారణమూ కనిపించకుండానే, ఉన్నట్టుండి గుండె దడదడలాడి, ఊపిరి అందక, చేతివేళ్లు తిమ్మిరెక్కి, ఇక ప్రాణం పోతున్నదన్నంత భయం కలిగింది. ప్రతిసారీ పావుగంట, అరగంటలో దానంతట అదే తగ్గిపోయింది. మొదటిసారి ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్తే ఈసీజీ, గుండె కండరం దెబ్బతిన్నదేమో చెప్పే ట్రోపోనిన్ పరీక్ష రెండూ చూసి గుండెకు ఏమీ లేదని పంపించారు. గ్యాస్ అని మామయ్య, దిష్టి అని అమ్మ తేల్చేశారు.

మూడోసారి తర్వాత నేనే ఒక డయాగ్నస్టిక్ సెంటరువారు ‘స్ట్రెస్ ప్యాకేజీ’ పేరుతో అమ్ముతున్న పరీక్షలు చేయించుకున్నాను. మధ్యాహ్నం పన్నెండున్నరకు, అంటే నిద్ర లేచిన అరగంటకు, ఇంటికి వచ్చి రక్తం తీసుకున్నారు. ఒత్తిడి హార్మోన్ అనే కార్టిసాల్ డెసిలీటరుకు 21.8 మైక్రోగ్రాములని వచ్చి, పక్కన ‘ఎక్కువ’ అని ఎర్ర గుర్తు ఉంది. మనసు తీరుతో ముడిపెట్టే సెరటోనిన్ అనే రసాయనం మిల్లీలీటరుకు 74 నానోగ్రాములు, ‘తక్కువ’. ఒంట్లో వాపును సూచించే సీఆర్‌పీ 1.1, అది మామూలేనట. ఆ సాయంత్రమే సెంటరు నుంచి ఒకరు ఫోన్ చేసి, ఈ అంకెలను బట్టి నాకు డిప్రెషన్ మొదలైందని, మూడు నెలలు వాళ్ల దగ్గరి క్యాప్సూల్స్ వాడి మళ్లీ ఇదే ప్యాకేజీ చేయించుకోమని చెప్పారు. నాకు దిగులేమీ లేదు, పని మీద ఆసక్తి పోలేదు, ఆకలి బాగానే ఉంది. ఉన్నదల్లా అది మళ్లీ ఎప్పుడు వస్తుందోనన్న బెదురు. ఒత్తిడి, డిప్రెషన్, పానిక్ డిజార్డర్ (ఇలా ఉన్నట్టుండి ప్రాణభయం దాడి చేసే జబ్బు), ఈ మూడింటిలో నాది ఏదో చెప్పగలిగే పరీక్ష అసలు ఉన్నదా?

జవాబు: పాత ల్యాబు మనిషి

ఇరవై ఏళ్లు బయోకెమిస్ట్రీ ల్యాబులో పనిచేసినవాడిగా, మీ రిపోర్టులోని అంకెల గురించి మాత్రమే చెప్తాను; జబ్బు సంగతి డాక్టర్లు చెప్పాలి.

కార్టిసాల్ రోజంతా ఒకే తీరుగా ఉండే పదార్థం కాదు. మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథికి, పిట్యూటరీ కిడ్నీల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులకు కబురు పంపితే అది విడుదలవుతుంది. పగలు పనిచేసి రాత్రి నిద్రపోయేవారిలో అర్ధరాత్రి ప్రాంతంలో అట్టడుగున ఉండి, తెల్లవారేసరికి పెరిగి, నిద్ర లేచిన ముప్పై నుంచి నలభై అయిదు నిమిషాల మధ్య ఇంకొక మెట్టు పైకి ఎక్కి, ఆ తర్వాత సాయంత్రం దాకా దిగుతూ వస్తుంది. మీకు రక్తం తీసింది సరిగ్గా నిద్ర లేచిన అరగంటకు. కంప్యూటరుకు మీ నిద్ర వేళలు తెలియవు కాబట్టి మధ్యాహ్నపు హద్దులతో పోల్చి ఎర్ర గుర్తు పెట్టింది. అదే 21.8 ఉదయం ఎనిమిదింటి నమూనాలో వచ్చి ఉంటే చాలా ల్యాబులు ‘మామూలు’ అనే అచ్చువేసేవి. సూదికి భయపడేవారిలో ఆ భయానికే కాస్త పెరగవచ్చు. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలలో కార్టిసాల్‌ను మోసే ప్రొటీన్ పెరగడం వల్ల మొత్తం అంకె పెరుగుతుంది. స్టెరాయిడ్ మందులు, కొన్నిసార్లు చర్మానికి రాసే క్రీములు కూడా, శరీరం సొంతంగా తయారుచేసే కార్టిసాల్‌ను తగ్గించేస్తాయి. నెలల తరబడి ఒత్తిడి ఎలా ఉన్నదో చూడాలనుకునే పరిశోధకులు అందుకే వెంట్రుకల్లోని కార్టిసాల్‌ను కొలుస్తారు, ఎందుకంటే జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది గనుక మాడు దగ్గరి మూడు సెంటీమీటర్లు మూడు నెలల చిట్టా అన్నమాట. అదింకా పరిశోధనల్లో వాడే కొలతే.

సెరటోనిన్ సంగతి ఇంకా విడ్డూరం. శరీరంలోని సెరటోనిన్‌లో నూటికి తొంభై పాళ్లు పేగుల్లో తయారవుతుంది. రక్తంలో కనిపించేది దాదాపు అంతా ప్లేట్‌లెట్లు మోసుకు తిరిగే సరుకు. అది రక్తంలోంచి మెదడులోకి పోదు, మెదడులో ఎంత ఉన్నదో చెప్పదు. పైగా డిప్రెషన్‌కు, పానిక్‌కు ఇచ్చే ఎస్సెస్సారై మందులు, అంటే నరాల కణాలు సెరటోనిన్‌ను తిరిగి పీల్చుకోకుండా ఆపే మందులు, ప్లేట్‌లెట్లను కూడా సెరటోనిన్ పీల్చుకోనివ్వవు కాబట్టి, ఆ మందులు వాడి మనిషి కోలుకుంటున్న కొద్దీ ఈ పరీక్షలో అంకె పడిపోతుంది. రోగి బాగుపడుతుంటే ‘తక్కువ’ అని ఎర్ర గుర్తు పెట్టే పరీక్షను మూడు నెలలకు మళ్లీ చేయించుకోమనడం వ్యాపారమే తప్ప వైద్యం కాదని నా అభిప్రాయం.

జవాబు: సాగరతీరం

విశాఖపట్నంలో మనోవైద్యంలో పీజీ చేస్తున్నాను. మీ ప్రశ్న మా శాఖలో అయిదారు దశాబ్దాలుగా అడుగుతూ వస్తున్నదే.

డిప్రెషన్‌కు రక్తపరీక్ష దొరికిందని లోకం ఒకసారి నిజంగానే నమ్మింది. రాత్రి పదకొండింటికి ఒక మిల్లీగ్రాము డెక్సామెథజోన్ అనే స్టెరాయిడ్ మాత్ర ఇస్తే ఆరోగ్యవంతుల్లో మరునాడు కార్టిసాల్ అణగిపోవాలి. తీవ్రమైన డిప్రెషన్ ఉన్న చాలామందిలో అది అణగకుండా డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు దాటి ఉంటున్నదని 1981లో బెర్నార్డ్ కారల్ బృందం ప్రకటించాక ఈ పరీక్ష ఆసుపత్రుల్లో విరివిగా వాడుకలోకి వచ్చింది. తరవాతి పరిశీలనల్లో తేలిందేమంటే, మొత్తం డిప్రెషన్ రోగులను తీసుకుంటే సగం మందినైనా అది పట్టుకోలేదు. మరోవైపు మతిమరుపు జబ్బు ఉన్నవారిలో, మద్యం మానేస్తున్నవారిలో, బాగా బరువు తగ్గినవారిలో కూడా అదే ఫలితం చూపింది. ఇవాళ ఆ మాత్ర పరీక్షను కుషింగ్ సిండ్రోమ్ అనే హార్మోన్ జబ్బు కోసం వాడుతున్నారు. కారల్ కొలిచింది అబద్ధం కాదు. వంద మంది రోగుల సగటుకు, వంద మంది ఆరోగ్యవంతుల సగటుకు తేడా కనిపించడం వేరు, ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషి ఏ గుంపులోవాడో ఆ తేడాతో చెప్పడం వేరు. మెదడు కణాల ఎదుగుదలకు తోడ్పడే బీడీఎన్ఎఫ్ వంటి ప్రొటీన్లు, గుండె లయలోని హెచ్చుతగ్గులు, అన్నింటికీ చిక్కు ఇక్కడే వస్తున్నది.

సీఆర్‌పీ కాస్త ఆశ కలిగించిన సూచిక. మామూలు మందులకు లొంగని డిప్రెషన్ ఉన్న 60 మందిపై 2013లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, వాపును తగ్గించే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు మొత్తం మీద ఉత్తుత్తి మందు కంటే మెరుగ్గా పనిచేయలేదు గాని, సీఆర్‌పీ 5 దాటి ఉన్నవారిలో కొంత మేలు చూపింది. అంటే జబ్బు ఉన్నదా లేదా అన్నది చెప్పకపోయినా, ఎవరికి ఏ మందు పనికొస్తుందో చెప్పడానికి అది ఏనాటికైనా ఉపయోగపడవచ్చు.

ఇక మీ అసలు విషయం. పానిక్ దాడిలో ప్రాణభయం కలుగుతుంది కాబట్టి కార్టిసాల్ ఆకాశానికి ఎగబాకుతుందని ఎవరైనా అనుకుంటారు. 1967లో పిట్స్, మెక్‌క్లూర్ అనే ఇద్దరు వైద్యులు ఇటువంటి దాడులు వచ్చే 14 మందికి నరం ద్వారా సోడియం లాక్టేట్ ఎక్కిస్తే 13 మందికి అక్కడికక్కడే దాడి వచ్చింది, ఆ జబ్బు లేని పది మందిలో ఇద్దరికే వచ్చింది. తరవాతి కాలంలో ఇలా లాక్టేట్‌తో దాడి తెప్పించి హార్మోన్లు కొలిచిన పరిశోధకులు ఆశ్చర్యపోయారు, ఎందుకంటే మనిషి చచ్చిపోతున్నానని అల్లాడుతున్నా కార్టిసాల్ పెద్దగా కదలలేదు. నలుగురి ముందు ఉపన్యాసం ఇవ్వమంటే పెరిగే హార్మోన్ ఇక్కడ మౌనంగా ఉండిపోయింది! అంటే ఒత్తిడి, పానిక్ ఒకే దారి కావు. ఊపిరాడని ప్రమాదాన్ని పసిగట్టే వ్యవస్థ ఉత్తపుణ్యానికి గంట మోగించడమే పానిక్ అని 1993లో డొనాల్డ్ క్లైన్ ప్రతిపాదించాడు. భయానికి కేంద్రమని చెప్పుకునే అమిగ్డలా రెండు వైపులా దెబ్బతిని, పాములకు సాలీళ్లకు కూడా బెదరని ‘ఎస్.ఎం.’ అనే రోగి, 35 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న గాలిని ఒక్కసారి పీల్చగానే హడలెత్తిపోయిందని 2013లో ప్రచురించారు. నాకు ఈ శాస్త్రంలో అన్నింటికంటే ఇష్టమైన ఉదంతం ఇదే.

కాబట్టి నిర్ధారణ ఇప్పటికీ మాట్లాడి చేసేదే. అనుకోకుండా దాడులు మళ్లీ మళ్లీ రావడం, మళ్లీ వస్తుందేమోనన్న బెదురు నెల రోజులైనా వదలకపోవడం ముఖ్యమైన గుర్తులు. బెదురు గురించి మీరు ఆఖర్న రాసిన ఆ ఒక్క వాక్యం మీ ప్యాకేజీ మొత్తం కంటే నాకు ఎక్కువ చెప్పింది. రక్తపరీక్షలు అక్కర్లేదని కాదు. థైరాయిడ్ తీరు చెప్పే టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, షుగరు చూడాలి, ఇతర లక్షణాలను బట్టి అరుదుగా అడ్రినల్ గడ్డను పట్టిచ్చే మెటానెఫ్రిన్లనే పదార్థాలు చూడాలి. అవి పానిక్‌ను చూపించడానికి కాదు, పానిక్ వేషం వేసుకుని వచ్చే వేరే జబ్బులను పట్టుకోవడానికి.

జవాబు: గౌతమీ టీచరు

తమ్ముడూ, థైరాయిడ్ మాటను తేలికగా తీసుకోవద్దు. ఆరేళ్ల క్రితం నాకు పాఠం చెబుతుండగానే దడ, చెమటలు, చేతులు వణకడం ఉండేవి. పెళ్లీడుకొచ్చిన కూతురి గురించి బెంగ అని ఇంట్లోవాళ్లు, నిద్రమాత్ర చాలని ఒక డాక్టరు అన్నారు. ఆరు కిలోలు తగ్గాక రాజమహేంద్రవరంలో ఇంకొక డాక్టరమ్మ టీఎస్‌హెచ్ చేయిస్తే 0.01 వచ్చింది, అంటే థైరాయిడ్ మితిమీరి పనిచేస్తున్నదన్నమాట. దాన్ని తగ్గించే కార్బిమజోల్ మొదలుపెట్టిన రెండు నెలలకు దడ పోయింది. బెంగ మాత్రం పెళ్లయ్యేదాకా ఉన్నది, అది వేరే సంగతి.

రాత్రిషిఫ్టు

అందరికీ కృతజ్ఞతలు. అక్కయ్యగారూ, బరువు తగ్గలేదు గాని టీఎస్‌హెచ్ తప్పక చేయిస్తాను. సాగరతీరం గారూ, షిఫ్టులో నాలుగైదు కప్పుల ఫిల్టర్ కాఫీ తాగుతాను, దానికీ దీనికీ సంబంధం ఉందా? జుట్టు రాలుతున్నదని బయోటిన్ మాత్రలు తప్ప వేరే మందులేవీ వాడటం లేదు.

సాగరతీరం

ఉంది. పానిక్ డిజార్డర్ ఉన్నవారికి నాలుగైదు కప్పుల కాఫీకి సమానమైన కెఫీన్ ఒకేసారి ఇచ్చి చూసిన ప్రయోగాల్లో సుమారు సగం మందికి దాడి వచ్చింది. మీరు ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి వస్తుంది కాబట్టి రోజుకొక కప్పు చొప్పున తగ్గించండి. మూడు దాడులూ ఏ వేళకు, ఏం తాగిన ఎంతసేపటికి, ఎన్ని గంటల నిద్ర తర్వాత వచ్చాయో గుర్తున్నంతవరకు రాసుకుని మనోవైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి. ఈలోగా అర్ధరాత్రి భయం వేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ జబ్బుకు మందులూ ఉన్నాయి, మాటలతో చేసే చికిత్సా ఉంది, రెండూ బాగా పనిచేస్తాయి.

పాత ల్యాబు మనిషి

బయోటిన్ అన్నారు కాబట్టి మళ్లీ రాస్తున్నాను. చాలా యంత్రాల్లో హార్మోన్ పరీక్షలు బయోటిన్ అతుక్కునే గుణం మీదే నడుస్తాయి; జుట్టు మాత్రల్లోని పెద్ద మోతాదు రక్తంలో ఉంటే టీఎస్‌హెచ్ లేనిపోని తక్కువగా, థైరాయిడ్ హార్మోన్ అయిన టీ4 లేనిపోని ఎక్కువగా వచ్చి, థైరాయిడ్ బాగున్నవారికి కూడా టీచరుగారి జబ్బు ఉన్నట్టు రిపోర్టు రాగలదు. రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు ఆ మాత్రలు ఆపండి, ఆపిన సంగతి ల్యాబువారికి చెప్పి స్లిప్పు మీద రాయించండి.